ఒరిజినల్ మెంబర్లు ఎంతమంది? పాత రాక్ బ్యాండ్ల టూర్ల మీద తెగని గొడవ

1974 జనవరిలో అమెరికాలో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ టూర్ ఒకటి మొదలైంది. టికెట్ మీద పేరు అదే, పోస్టర్ మీద పేరు అదే, తీరా స్టేజీ ఎక్కినవాళ్ళలో మాత్రం ఒక్కడు కూడా ఆ బ్యాండ్ మనిషి కాదు. అంతకు ముందు టూర్ లోపలి గొడవలతో మధ్యలోనే ఆగిపోయింది. అసలు మెంబర్లు కొన్నాళ్ళు ఆగుదామనుకున్నారు. ఆ పేరు మీద హక్కు తనదేనన్న మేనేజర్ క్లిఫర్డ్ డేవిస్, వేరే బ్యాచ్‌ని పోగేసి ఆ పేరుతోనే పంపించేశాడు. జనం గోల చేశారు, టూర్ కూలిపోయింది, కేసు కోర్టుకెక్కింది. ఆ గొడవ కూడా ఒక కారణమై అసలు బ్యాండ్ ఇంగ్లండ్ వదిలి లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడ ఒక స్టూడియోలో బ్యాండ్ డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్‌కి లిండ్సీ బకింగ్‌హామ్ గిటార్ చెవినపడింది. ఆ ఏడాది చివరికల్లా అతనూ, సింగర్ స్టీవీ నిక్సూ బ్యాండ్‌లోకి వచ్చేశారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది చూడండి. ఇవాళ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనగానే మనకు గుర్తొచ్చే, బకింగ్‌హామ్, నిక్స్ ఉన్న ఆ ఐదుగురు, నకిలీ బ్యాండ్ తిరిగే రోజులకి ఇంకా కలవనే లేదు! 1967లో బ్యాండ్ పెట్టిన పీటర్ గ్రీన్ అప్పటికే వెళ్ళిపోయి నాలుగేళ్ళు కావస్తోంది. అంటే 2018లో బకింగ్‌హామ్‌ని తీసేసి మైక్ క్యాంప్‌బెల్‌నీ నీల్ ఫిన్‌నీ పెట్టుకున్నప్పుడు "ఇది అసలు ఫ్లీట్‌వుడ్ మ్యాక్ కాదు" అని గొంతు చించుకున్న ఫ్యాన్స్ చెప్పే ఆ 'అసలు' కూడా మధ్యలో వచ్చిందే.

పాత రాక్ బ్యాండ్ ఏది టూర్ ప్రకటించినా ఇదే వరస. ఒకాయన వేళ్ళు మడిచి లెక్కపెడతాడు: ఒరిజినల్స్ ఇద్దరు, కాదు ఒకటిన్నర, ఆ మూడోవాడు రెండో ఆల్బమ్ నుంచి కదా వచ్చాడు. ఇంకొకాయన పాటలు బాగుంటే చాలదా అంటాడు. మూడో ఆయనకి బ్యాకింగ్ ట్రాకుల మీద, అంటే ముందే రికార్డు చేసి షోలో వినిపించే వాటి మీద కోపం, నాలుగో ఆయనకి ఇరవై ఏళ్ళుగా అవే పాటలు పాడుతున్నారని విసుగు. నలుగురూ నాలుగు వేరువేరు విషయాలు మాట్లాడుతూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నాం అనుకుంటారు. నాకైతే వీటన్నిటిలో అన్నిటికన్నా పనికిరానిది మొదటాయన తలల లెక్కే అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

'ఒరిజినల్' అనే మాటలోనే తిరకాసుంది. ఏసీ/డీసీలో 2016లో సింగర్ బ్రయన్ జాన్సన్ వినికిడి సమస్యతో టూర్ మధ్యలో ఆగిపోతే మిగిలిన షోలు గన్స్ ఎన్ రోజెస్ సింగర్ ఆక్సల్ రోజ్ పాడి పూర్తి చేశాడు. జాన్సన్ లేని ఏసీ/డీసీ ఏంటని చాలామంది మండిపడ్డారు. ఆ జాన్సన్ కూడా 1980 ఫిబ్రవరిలో బాన్ స్కాట్ చనిపోయాక వచ్చినవాడే. పోనీ బాన్ స్కాట్ ఒరిజినలా అంటే అదీ కాదు, అతనికి ముందు డేవ్ ఎవాన్స్ ఉండేవాడు. ఐరన్ మెయిడెన్‌కి సింగర్ బ్రూస్ డికిన్సన్ వచ్చింది మూడో ఆల్బమ్‌కి. డీప్ పర్పుల్ ఫ్యాన్స్ ఈ గొడవ పడలేక ఎప్పుడో లైనప్‌లకి, అంటే ఒక్కో కాలంలో ఉన్న మెంబర్ల జట్టుకి, నంబర్లు ఇచ్చేసుకున్నారు, మార్క్ 1, మార్క్ 2 అని. వాళ్ళలో ఎక్కువమంది కావాలనేది మార్క్ 2, అంటే రెండోది. ఇంతకీ తేలేదేంటంటే, ఫ్యాన్ 'ఒరిజినల్' అన్నప్పుడు ముందు పుట్టింది అని కాదు, తను ప్రేమించిన రికార్డు మీద వాయించినవాళ్ళు అని. అది ఇష్టం, చరిత్ర కాదు. ఇష్టాన్ని తప్పుపట్టలేం, కానీ దాన్ని చరిత్రగా చూపించి ఎదుటివాణ్ణి నోరు మూసుకోమంటే ఎలా?

సరే, మరి ఆ పేరు ఎవరిది? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బ్యాండ్ పేరంటే చట్టం దృష్టిలో ఒక ఆస్తి, దుకాణం పేరులాంటిది. బ్యాండ్ పెట్టిన కుర్రాళ్ళు గ్యారేజీలో కూర్చుని ఒప్పందాలు రాసుకోరు కదా, ముప్పై ఏళ్ళ తర్వాత చిక్కంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో శాక్సన్ బ్యాండ్ కేసు 2003లో తేలింది. బయటికి వెళ్ళిన పాత మెంబర్లు ఇద్దరు పేరుని ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకుంటే, కోర్టు ఆ పేరు విడివిడిగా మనుషులది కాదు, అందరూ కలిసి నడిపిన భాగస్వామ్యానిది అంది. వదిలేసి వెళ్ళినవాళ్ళు పేరు పట్టుకుపోలేరన్నమాట. బీచ్ బాయ్స్‌ది ఇంకో రకం. పేరు వాళ్ళ సొంత కంపెనీ బ్రదర్ రికార్డ్స్ చేతిలో ఉంది, ఆ కంపెనీ టూర్ చేసుకునే లైసెన్సు సింగర్ మైక్ లవ్‌కి ఇచ్చింది. దాంతో పాత మెంబరైన ఆల్ జార్డీన్ తన షోలకి ఆ పేరు వాడుకుంటే సొంత కంపెనీయే అతని మీద కేసు వేసి గెలిచింది.

తలల లెక్క పెట్టేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది మాత్రం 1980 నాటి డీప్ పర్పుల్ కథ. అప్పటికి ఆ బ్యాండ్ మూతపడి నాలుగేళ్ళు. రాడ్ ఎవాన్స్ అనే ఆయన్ని ముందు పెట్టుకుని కొందరు ఆ పేరుతో అమెరికా చుట్టుపక్కల షోలు చేశారు. ఈ ఎవాన్స్ దారిన పోయే దానయ్య కాదు, ఆ బ్యాండ్ మొట్టమొదటి సింగర్, 1968లో వాళ్ళకి అమెరికాలో పేరు తెచ్చిన పాట పాడింది ఈయనే. అంటే స్టేజీ మీద ఒక నిఖార్సైన ఒరిజినల్ ఉన్నాడు. అయినా కోర్టు అది మోసమేనంది, 6,72,000 డాలర్ల నష్టపరిహారం వేసింది, ఆయన పాత రాయల్టీలు కూడా పోయాయి. ఒరిజినల్ ఉంటే బ్యాండ్ అసలుదైపోతుందనే సూత్రం ఆ రోజే చచ్చిపోయిందని నా అభిప్రాయం.

పింక్ ఫ్లాయిడ్ గొడవ అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెప్పుకుందాం. 1985లో రోజర్ వాటర్స్ బయటికి వెళ్ళిపోయాడు. ఆ పేరుకి అక్కడితో చుక్క పెట్టాలని మరుసటేడు కోర్టుకెళ్ళాడు. 1987 చివర్లో రాజీ కుదిరింది, పేరు బ్యాండ్‌లో మిగిలిన గిల్మర్, మేసన్‌లకి దక్కింది, వాళ్ళ ఆల్బమ్ ది వాల్ షో హక్కులు వాటర్స్‌కి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కేసు వేయడం తన తప్పేనని వాటర్సే ఒప్పుకున్నాడు. క్వీన్స్‌రైక్ ఇంకా విచిత్రం. 2012లో సింగర్ జెఫ్ టేట్‌ని తీసేశాక కొన్నాళ్ళు ఒకే పేరుతో రెండు బ్యాండ్లు తిరిగాయి, కోర్టు కూడా తేలేదాకా తిరగనిచ్చింది. 2014 ఒప్పందంలో పేరు మిగిలినవాళ్ళకి పోయింది, ఆపరేషన్ మైండ్‌క్రైమ్ ఆల్బమ్‌ని మొత్తంగా స్టేజీ మీద వాయించే హక్కు టేట్‌కి వచ్చింది. ఒక ఆల్బమ్‌ని పొలం గట్టు కొట్టినట్టు పంచుకున్నారు.

లినర్డ్ స్కినర్డ్ విషయం మాత్రం నవ్వుకునేది కాదు. 1977 అక్టోబర్ 20న విమానం కూలి సింగర్ రానీ వాన్ జాంట్, గిటారిస్ట్ స్టీవ్ గెయిన్స్, అతని అక్క క్యాసీ గెయిన్స్ చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్ళు ఇక ఆ పేరు వాడబోమని ఒట్టు పెట్టుకున్నారు. పదేళ్ళకి, 1987లో, రానీ తమ్ముడు జానీని ముందు నిలబెట్టి నివాళి టూర్ మొదలుపెట్టారు. రానీ భార్య కోర్టుకెళ్ళింది, 1988లో ఎవరెవరు ఉంటే ఆ పేరు వాడొచ్చో షరతులతో రాజీ అయింది. మొదటి లైనప్‌లో చివరగా మిగిలిన గ్యారీ రోసింగ్టన్ 2023 మార్చి 5న పోయాడు. బ్యాండ్ ఇంకా తిరుగుతూనే ఉంది. తలల లెక్క ప్రకారం సున్నా. కానీ జానీ అక్కడ నిలబడి 1987 నుంచీ పాడుతున్నాడు, అన్న పాడిన కాలానికి రెట్టింపు కన్నా ఎక్కువ. దీన్ని నకిలీ అనడానికి నాకు నోరు రాదు, అలాగని ఒట్టు సంగతి మర్చిపోనూ లేను.

అమెరికాలో 30కి పైగా రాష్ట్రాల్లో ఈ మోసాల మీద ఒక చట్టం ఉంది, ట్రూత్ ఇన్ మ్యూజిక్ అడ్వర్టయిజింగ్ అంటారు. దానికోసం తిరిగినవాళ్ళలో షా నా నా బ్యాండ్ ఒకప్పటి సింగర్ జాన్ బౌమన్ ముఖ్యుడు. చట్టం చెప్పేది తేలికే: రికార్డు చేసిన మెంబరైనా ఉండాలి, పేరు మీద హక్కైనా ఉండాలి, లేదంటే ఇది ట్రిబ్యూట్ షో, అంటే వేరేవాళ్ళు ఆ పాటలు పాడే నివాళి షో, అని చెప్పి చేసుకోవాలి. గమనించండి, హక్కు ఉంటే చాలు, పాత మనిషి లేకపోయినా ఫరవాలేదు. కాబట్టి చట్టబద్ధమా అనే ప్రశ్నకి జవాబు దొరికినా ఫ్యాన్ మనసులో ప్రశ్నకి దొరకదు. ఆ రెంటినీ కలపకండి.

ఇక మనుషుల సంగతి. బ్యాండ్‌లో కుర్చీలన్నీ ఒకటి కావు. రోలింగ్ స్టోన్స్‌లో బిల్ వైమన్ మానేశాక 1993 నుంచి బేస్ గిటార్ వాయిస్తున్నది డారిల్ జోన్స్. ముప్పై ఏళ్ళు దాటింది, ఇంతవరకు అధికారికంగా మెంబర్ కాదు, జీతానికి వాయించే మనిషి. దానిమీద ఎవరూ పెద్దగా గొడవపడరు. 2021 ఆగస్టులో డ్రమ్మర్ చార్లీ వాట్స్ పోయి స్టీవ్ జోర్డాన్ డ్రమ్స్ మీద కూర్చున్నప్పుడు మాత్రం పెద్ద చర్చే నడిచింది, అందులో న్యాయం ఉంది. వాట్స్ స్నేర్ డ్రమ్ మీద దెబ్బ వేసే క్షణంలో హై-హ్యాట్ అనే జంట తాళాల మీంచి చెయ్యి ఎత్తేసేవాడు, రెండూ కలిపి కొట్టేవాడు కాదు. వినడానికి ఎంత చిన్న విషయం! ఆ చిన్న ఖాళీలోంచే ఆ బ్యాండ్ నడకలో ఒక ఊగు వచ్చేది. జోర్డాన్ గొప్ప డ్రమ్మరే, దెబ్బ బరువైనది, పాట ముందుకు తోసినట్టు వెళ్తుంది. బాగుందా బాగోలేదా అన్నది మీ ఇష్టం, కానీ ఇలాంటి చోట వాదించుకుంటే అది సంగీతం గురించిన వాదన. ఇద్దరు మిగిలారా ముగ్గురు మిగిలారా అన్నది హాజరు పట్టీ.

గొంతు పోతే మాత్రం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే వినేవాళ్ళలో నూటికి తొంభై మందికి బ్యాండ్ అంటే ఆ గొంతే. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, అదే గొంతు వెతుక్కోవడం. జర్నీ బ్యాండ్ గిటారిస్ట్ నీల్ షాన్ 2007లో యూట్యూబ్‌లో మనీలా సింగర్ ఆర్నెల్ పినేడాని చూసి పిలిపించుకున్నాడు, పాత సింగర్ స్టీవ్ పెర్రీ ఆ బ్యాండ్‌తో తిరిగిన ఏళ్ళకన్నా పినేడా తిరిగినవి ఇప్పటికే ఎక్కువ. జూడస్ ప్రీస్ట్ 1996లో టిమ్ ఓవెన్స్‌ని తెచ్చుకుంది, అతను అప్పటిదాకా జూడస్ ప్రీస్ట్ పాటలే పాడే ట్రిబ్యూట్ బ్యాండ్‌లో ఉన్నవాడు. యెస్ అనే బ్యాండ్ కూడా 2008లో తమ ట్రిబ్యూట్ బ్యాండ్ నుంచే బెన్వా డేవిడ్‌ని తీసుకుంది. రెండో దారి క్వీన్‌ది. చనిపోయిన సింగర్ ఫ్రెడీ మెర్క్యురీని అనుకరించే మనిషి కోసం చూడలేదు, మొదట పాల్ రోజర్స్‌తో తిరిగారు, ఆ తర్వాత ఆడమ్ లాంబర్ట్. ఇద్దరూ ఫ్రెడీలా పాడరు. పైగా బ్యానర్ మీద క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్ అని రాస్తారు. ఆ ప్లస్ గుర్తుంది చూశారా, నా మట్టుకు ఈ మొత్తం గొడవలో అందరికన్నా నిజాయితీగా మాట్లాడింది అదే. వచ్చేవాడికి ఏం కొంటున్నాడో ముందే తెలుస్తుంది. బేస్ వాయించే జాన్ డీకన్ 1997 తర్వాత రంగం వదిలేశాడు కాబట్టి లెక్క ప్రకారం ఇద్దరే, అయినా క్వీన్ మీద ఈ కోపం అంతగా కనిపించదు. ఊరికే కాదు.

దీనికి పూర్తిగా అవతలి కొస కిస్, ముఖాలకి మేకప్ వేషాలు వేసుకుని వాయించిన బ్యాండ్. చివరి ఏళ్ళలో పాత గిటారిస్ట్ ఏస్ ఫ్రేలీ స్పేస్‌మన్ మేకప్ టామీ థాయర్ వేసుకున్నాడు, పాత డ్రమ్మర్ పీటర్ క్రిస్ పిల్లి మేకప్ ఎరిక్ సింగర్ వేసుకున్నాడు. మన వీధి నాటకాల్లో వేషం ముఖ్యం, వేషగాడు మారొచ్చు. కిస్ కూడా అదే అంది, తప్పేముంది అంటారు కొందరు. కానీ వెనక వరసలో కూర్చున్నవాడికి అది ఏస్ ఫ్రేలీయే అనిపించాలన్నది కూడా ఆ మేకప్ ఉద్దేశం కదా! 2023 డిసెంబర్ 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరి షో అవ్వగానే తెర మీద తమ డిజిటల్ అవతారాలను చూపించారు. ఇక వేషానికి మనిషి కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు షో దగ్గరికి వద్దాం, ఎందుకంటే టికెట్ కొన్నవాడికి చివరికి మిగిలేది ఆ రెండు గంటలే. వయసు మీద పడ్డాక పై స్థాయి అందదు, ఊపిరి నిలవదు. అందుకని బ్యాండ్ శ్రుతి దించుకుంటుంది, అర మెట్టో, ఒక్కోసారి పూర్తి మెట్టో. పాటని వేరే స్కేల్లో వాయించుకోవచ్చు కదా అంటే గిటార్‌తో అది అంత తేలిక కాదు. చాలా రాక్ రిఫ్‌లు, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలు, నొక్కకుండా వదిలేసిన తీగల మోత మీద ఆధారపడి ఉంటాయి, చేతిని పక్క మెట్టుకి జరిపితే ఆ మోత పోతుంది. అందుకే తీగలనే వదులు చేస్తారు, వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి. తీగ వదులైతే శబ్దం కొంచెం బరువెక్కుతుంది, పాట కాస్త నల్లబడ్డట్టు ఉంటుంది. దీన్ని పట్టుకుని "మోసం" అనేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. డెబ్బై ఐదేళ్ళ మనిషి ఇరవై ఎనిమిదేళ్ళప్పటి స్వరం పట్టుకుంటే అప్పుడు అనుమానపడాలి.

ఆ అనుమానమే బ్యాకింగ్ ట్రాకులు. 2023లో మోట్లీ క్రూ గిటారిస్ట్ మిక్ మార్స్ తన బ్యాండ్ మీదే కేసు వేస్తూ, మిగతావాళ్ళు షోల్లో ముందే రికార్డు చేసిన ట్రాకులు వాడుతున్నారని ఆరోపించాడు, వాళ్ళు కాదన్నారు. ఇదేదో కొత్తగా వచ్చిన రోగమని అనుకోకండి. 1970లలో క్వీన్ బొహీమియన్ రాప్సొడీలో ఆపెరా భాగం వచ్చేసరికి స్టేజీ దిగి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు, టేపు మోగేది, రాక్ భాగానికి మళ్ళీ వచ్చేవాళ్ళు. ద హూ 1971 నుంచే సింథసైజర్ టేపుతో కలిసి వాయించేవాళ్ళు, కీత్ మూన్ తలకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేపు వెంట పరిగెత్తేవాడు, అంత రౌడీ డ్రమ్మర్ ఒక టేపుకి లొంగి వాయించడం ఊహించుకోండి. లైవ్ ఆల్బమ్‌లేమో స్టూడియోలో సగం మళ్ళీ వాయించి కూర్చినవి, 1975 నాటి కిస్ అలైవ్ అందుకు పేరుమోసింది. కాబట్టి ట్రాకు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ ట్రాకులో ఏముంది? కోరస్‌కి నిండుదనం, ఒక కీబోర్డు పొర, హెలికాప్టర్ చప్పుడు, ఇవైతే నాకేం అభ్యంతరం లేదు. మైకు ముందు నిలబడ్డవాడి సొంత గొంతు రికార్డులోంచి వస్తుంటే మాత్రం అది అబద్ధం, అక్కడ ఒరిజినల్స్ నలుగురికి నలుగురూ ఉన్నా అబద్ధమే.

సెట్‌లిస్ట్, అంటే షోలో పాడే పాటల జాబితా, మీద విసుగుకి కూడా కొంత కారణం ఇక్కడే ఉంది. పెద్ద షోల్లో డ్రమ్మర్ చెవిలో తాళం వేసే క్లిక్ మోగుతుంటుంది, ఆ క్లిక్‌కే వెనక తెర మీద వీడియో, లైట్లు, మంటలు ముడిపడి ఉంటాయి. పాట మారిస్తే వీడియో మారాలి, లైట్ల ప్రోగ్రాం మారాలి, మంట వచ్చే చోట మనిషి నిలబడకుండా చూసుకోవాలి. అలాంటి షోలో ఈ రాత్రి మూడో ఆల్బమ్‌లోంచి ఒకటి లాగిద్దాం అనుకోవడం కుదరదు. తెర ఎంత పెద్దదైతే సెట్‌లిస్ట్ అంత గట్టిగా బిగుసుకుపోతుంది. దానికి తోడు హాల్లో రెండు జాతులుంటాయి. ఒకరు జీవితంలో ఒక్కసారి చూడ్డానికి వచ్చినవాళ్ళు, వాళ్ళకి హిట్లు పాడకపోతే డబ్బు దండగ. రెండోవాళ్ళు ఆ టూర్‌లోనే ఇది మూడోసారి చూస్తున్నవాళ్ళు, వాళ్ళు ఒక్క కొత్త పాట కోసం చచ్చిపోతుంటారు. గొడవపెట్టేది రెండోవాళ్ళు, హాలు నింపేది మొదటివాళ్ళు. మెటాలికా 2023లో మొదలుపెట్టిన టూర్‌లో దీనికో ఉపాయం కనిపెట్టింది, చాలా ఊళ్ళలో రెండు రాత్రులు, ఒక రాత్రి వాయించింది రెండో రాత్రి వాయించరు. అలా చేయాలంటే సరిపడా పాటలు వేళ్ళలో ఉండాలి, అరవై దాటినవాళ్ళకి అది చిన్న సాధన కాదు.

అసలు ఎందుకు ఆపరు? డబ్బు అని ఒక్క మాటలో తేల్చేస్తారు, అబద్ధమేం కాదు. రికార్డులు అమ్ముడుపోయే రోజులు పోయాక సంపాదనంతా టూర్ల మీదే. మోట్లీ క్రూ 2014లో ఇక టూర్లు చేయం అని ఒప్పందం మీద సంతకాలు పెట్టి మరీ చూపించింది, 2015 డిసెంబర్ 31న చివరి షో చేసింది, 2019లో ఆ ఒప్పందాన్ని పేల్చేసినట్టు వీడియో వదిలింది, 2022లో మళ్ళీ రోడ్డెక్కింది. వీడ్కోలు టూర్ టికెట్ కొన్నవాడి కోపం నాకు అర్థమవుతుంది. కానీ అందరూ అలాగే ఉండరు. లెడ్ జెపెలిన్ తన డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయిన 1980లోనే ఆపేసింది, 2007 డిసెంబర్ 10న లండన్‌లో బోనమ్ కొడుకు జేసన్ డ్రమ్స్ మీద ఉండగా ఒక్క రాత్రి పూర్తి కచేరీ చేసి మళ్ళీ టూర్‌కి వెళ్ళలేదు. రష్‌లో డ్రమ్మర్ నీల్ పియర్ట్ 2020లో పోయాక ఇక అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2025 అక్టోబర్‌లో గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్ జర్మన్ డ్రమ్మర్ అనికా నిలెస్‌తో 2026 టూర్ ప్రకటించారు, పియర్ట్ భార్య, కూతురు బాహాటంగా మద్దతు పలికారు. చట్టం అడగని అనుమతి అది.

తలల లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలంటే ఫారినర్‌ని చూడండి. బ్యాండ్ పెట్టిన మిక్ జోన్స్ ఆరోగ్యం బాగోక స్టేజీకి దూరమయ్యాడు, తనకి పార్కిన్సన్స్ వ్యాధి అని 2024లో చెప్పాడు. రోడ్డు మీద తిరుగుతున్న బ్యాండ్‌లో ఒరిజినల్స్ సున్నా. 2005 నుంచి పాడుతూ వచ్చింది కెల్లీ హాన్సెన్. 2024లో బ్యాండ్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, చేర్చిన పేర్లలో జోన్స్, పాత సింగర్ లూ గ్రామ్, ఆ కాలంవాళ్ళు ఉన్నారు, దాదాపు ఇరవై ఏళ్ళు రాత్రి తర్వాత రాత్రి ఆ పాటల్ని మోసిన హాన్సెన్ లేడు. 2025లో హాన్సెన్ కూడా మైకు లూయిస్ మాల్డొనాడో చేతికిచ్చి తప్పుకున్నాడు. ఇక చూస్కోండి, హాన్సెన్ లేని ఫారినర్ ఏం ఫారినర్ అనేవాళ్ళు బయల్దేరతారు.